‘కోత్తన్నాం’ ఏ గణం?

గణ విభజన అంటే మన పిల్లలకు మార్కుల వ్యవహారం. పద్యపాదం ఇస్తారు. అక్షరాల నెత్తిన గురువుకి గిన్నెలాంటి గుర్తు, లఘువుకి నిలువు గీత పెడతారు. మూడేసి విడగొట్టి గణం పేరు రాసి, ఉత్పలమాలో చంపకమాలో తేల్చి, కింద గీత కొట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. పర్చూరు, చిలకలూరిపేట మధ్య పల్లెల బళ్లలో తెలుగు చెప్పినన్నాళ్లూ ఈ తంతు చూశాను. పెన్ను కదులుతుంది, పెదవి కదలదు. చెవి చేయాల్సిన పనిని కంటికి అప్పజెప్పాం అనే అనుమానం నాకు అప్పుడే ఉండేది. నేను రిటైరయ్యాక డల్లాస్‌లో ఉన్న మనవరాలు హైస్కూల్లో స్పానిష్ తీసుకుంది. ఆ క్రియల సంగతి చూశాక నా అనుమానం ఖాయమైంది.

ముందు మన లెక్క చెప్పుకుందాం. హ్రస్వాక్షరం పలకడానికి పట్టే కాలం ఒక మాత్ర, అది లఘువు. దానికి రెట్టింపు పడితే గురువు. దీర్ఘం గురువు, సున్నా ఉన్నది గురువు, విసర్గ ఉన్నది గురువు, పొల్లు హల్లుతో కూడింది గురువు, ఐ ఔలు గురువులు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ద్విత్వానికి, సంయుక్తానికి ముందున్న అక్షరం గురువు అన్నచోట పిల్లలు ఆగిపోతారు. ‘అమ్మ’లో ఒత్తు ఉన్నది రెండో అక్షరానికి కదా, మొదటిది ఎందుకు గురువైంది? కంటితో చూసినంత కాలం దీనికి జవాబు దొరకదు. నోటితో అనిపిస్తే దొరుకుతుంది. ‘అమ్’ దగ్గర పెదవులు మూసుకుంటాయి, ‘మ’ దగ్గర తెరుచుకుంటాయి. రాతలో ఒత్తు రెండో అక్షరం కింద వేలాడుతుంది గానీ నోట్లో దాని సగం మొదటి అక్షరానికే అంటుకుని ఉంటుంది. అందుకే మొదటిది బరువెక్కింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ‘యమాతారాజభానసలగం’ అన్న సూత్రం బట్టీ పట్టే మంత్రంలా ఉండదు. అందులో ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు పలికినా ఆ అక్షరం పేరున్న గణం వస్తుంది. ‘యమాతా’ అంటే లఘువు, గురువు, గురువు. అదే యగణం.

మా వైపు సంక్రాంతి దాటిందంటే మిరప కోతలు జోరందుకుంటాయి. బడిలో బెంచీలు ఖాళీ అవుతాయి. రెండ్రోజులు కనబడకుండా పోయి, చేతులు మండుతూ వచ్చిన పిల్లను “నిన్నంతా ఎక్కడున్నావే?” అంటే “మా అమ్మోళ్లతో కాయ కోత్తన్నా టీచరమ్మా” అనేది. పత్తి కాలంలో అయితే “పత్తి తీత్తన్నాం”. ఆ మాటల్నే బోర్డు మీద రాసేదాన్ని. పుస్తకంలో ‘కోస్తున్నాం’ అని ఉంటుంది. కోస్, తున్, నాం అని మూడు ముక్కలు, మూడూ గురువులే, మగణం. పిల్ల అన్నది ‘కోత్తన్నాం’. కోత్, తన్, నాం. అదీ మగణమే. కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ‘ఏరతన్నాం’ అంటారు, పుస్తకం ‘ఏరుతున్నాం’ అంటుంది. రెండింటికీ గురువు, లఘువు, గురువు, గురువు. హల్లు మారింది, అచ్చు మారింది, తూకం మాత్రం చెక్కుచెదరలేదు. ‘చెబుతాను’ని ‘చెప్తాను’ అన్నప్పుడు ఒక ముక్క తగ్గినట్టు కనిపిస్తుంది. లెక్కేసి చూడండి. ‘చెబు’లో రెండు లఘువులు, ‘చెప్’లో ఒక గురువు. మాత్రలు రెండే. గుంటూరు యాసను వెక్కిరించే వాళ్లతో వాదం పెట్టుకోవడం నేనెప్పుడో మానేశాను, ఈ లెక్క చూపించి ఊరుకుంటాను.

ఈ లెక్క మా నేలలో ఎంత పాతదో చెప్పే రాయి అద్దంకిలో దొరికింది. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు వేయించిన శాసనం అది. కాలం క్రీ.శ. 848. నన్నయ భారతానికి రెండు వందల ఏళ్లు ముందు. అందులో ఒక్కటే పద్యం, ఆ వెనక వచనంలో దానం సంగతి. పద్యం తరువోజ. ఒక్కో పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్లీ మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. సులువుగా చెప్పాలంటే రెండు ద్విపద పాదాలను పక్కపక్కన పెడితే ఒక తరువోజ పాదం. రాజు పట్టం కట్టుకున్న మొదటి ఏడే పండరంగడు సేనతో బయల్దేరి పన్నెండు బోయ కొట్టాలను గెలిచాడని, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేశాడని, కందుకూరును బెజవాడంత చేశాడని ఆ పద్యం చెబుతుంది.

నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘ట్ట’. అది ప్రాస. పాదాల మొదట్లో ఉన్న మాటల్ని విడదీస్తే ‘పట్టంబు’ గురువు, గురువు, లఘువు, అంటే తగణం. ‘కొట్టముల్’ గురువు, లఘువు, గురువు, అంటే రగణం. ‘కట్టెపు’ గురువు, లఘువు, లఘువు, అంటే భగణం. మూడూ ఇంద్రగణాల్లోవే. క్రియలకు వస్తే ‘గట్టించి’ తగణం, ‘గావించె’ తగణం. పాదం సగంలోనూ చివరా సూర్యగణం రావాలి కదా, నాలుగో పాదంలో ఆ రెండు చోట్లా క్రియలే కూర్చున్నాయి: ‘సేసి’, ‘మెచ్చి’. రెండూ గురువు, లఘువు. ‘చేసి’ అక్కడ ‘సేసి’ అయింది గసడదవాదేశం వల్లనని తెలుగు పంతులమ్మగా చెప్పక తప్పదు. అయినా కల్లంలో పని చేసే మనిషి ఈరోజుకీ “సేసి పోతాలే” అంటే నాకు ఆ రాయే గుర్తొస్తుంది.

ఇంకో తమాషా. గణాలు విడదీసేటప్పుడు, పద్యంలో ‘బండరంగు’గా వచ్చే పండరంగడి పేరు సరిగ్గా నడిమికి తెగుతుంది. ‘బండ’ ఇంద్రగణంలోకి పోతుంది, ‘రంగు’ సూర్యగణంలోకి వస్తుంది. శాసనం వేయించిన సేనాని పేరైనా సరే, ఛందస్సు మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టించుకోదు. పలుకు ఎక్కడ విరిగిందో అదే చూస్తుంది. మరి మాటల సరిహద్దుకు విలువే లేదా అంటే, ఉంది. ఆ పద్యంలోనే ‘ప్రథమంబు’, ‘ప్రభు’ అనే మాటలున్నాయి. సంయుక్తానికి ముందున్నది గురువు కావాలన్న లెక్కన ‘ప్ర’కు ముందున్న అక్షరాలు రెండుచోట్లా గురువులు కావాలి. కాలేదు, లఘువులుగానే నిలిచాయి. అలా నిలిస్తేనే గణం సరిపోతుంది. ఎందుకంటే ఆ అక్షరాలు ముందు మాటవి, ‘ప్ర’ తర్వాతి మాటది. తెలుగు నోరు ఆ రెండు మాటల మధ్య ఊపిరంత జాగా వదులుతుంది. సమాసంలో అయితే ఇలా వదలదు. పదో తరగతిలో మనం మినహాయింపు అని చెప్పే ఈ నియమాన్ని 848లో పద్యం కట్టినాయన చెవితోనే పాటించాడు.

ఆ తర్వాత ఈ విద్యకు మా సీమలో కొదవ లేదు. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం పెట్టి ఎర్రాప్రగడను పోషించాడు. 1656లో కాకునూరి అప్పకవి పల్నాటి సీమలో ఉండి ‘అప్పకవీయం’ రాశాడు. అద్రుచు, విద్రుచు వంటి మాటల్లో రేఫ ఒత్తును తేల్చి పలికితే దానికి ముందు అక్షరం లఘువుగానే ఉంటుందన్న ముచ్చట మన లాక్షణికులు గుర్తించిందే. నరసరావుపేట దగ్గరి కొప్పరపు సోదర కవులు సభలో నిలబడి ఆశువుగా పద్యాలు గుప్పించారంటే వేళ్ల మీద గణాలు లెక్కపెట్టుకుని కాదు. పరాయి చెవికి ఇది పట్టుబడుతుందా అంటే, సి.పి. బ్రౌన్ పట్టుకున్నారు. తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద 1827లోనే మద్రాసులో పుస్తకం అచ్చు వేయించారు. గుంటూరు కరువు రోజుల్లో ఇక్కడ ఉద్యోగం చేసిన బ్రౌన్ దొరే ఆయన.

ఇప్పుడు స్పానిష్. మిరపకాయ పుట్టిల్లు మెక్సికో వైపే కాబట్టి ఆ భాషతో మాకు ఆమాత్రం చుట్టరికం ఉందనుకుందాం.

“అమ్మమ్మా, ఈ మూడింటికీ స్పెల్లింగ్ ఒకటే, అర్థాలు వేరు!” అని మనవరాలు ఒకరోజు వీడియోలో మొత్తుకుంది. చదవమన్నాను. ‘తేర్మినొ’, ‘తెర్మీనొ’, ‘తెర్మినో’. మొదటిది గడువు అనే నామవాచకం. రెండోది ‘నేను ముగిస్తాను’. మూడోది ‘ఆయన ముగించాడు’. అక్షరాలు అవే, ఊనిక మారింది. ఊనిక అంటే ఒక ముక్కను మిగతావాటికన్నా నొక్కి పలకడం. ఊనిక ఉన్నచోట నేనిక్కడ దీర్ఘం పెట్టి రాస్తున్నాను. అది మన సౌకర్యానికే. స్పానిష్‌లో దీర్ఘహ్రస్వాల భేదంతో అర్థం మారదు, ఊనికతో మారుతుంది. మనకు ఊనికతో మారదు, దీర్ఘంతో మారుతుంది. ‘పడింది’ అంటే జగణం, గొయ్యిలో పడింది. ‘పాడింది’ అంటే తగణం, కచేరీలో పాడింది. మనకు దీర్ఘం చేసే పనిని వాళ్లకు ఊనిక చేస్తోంది. మన చెవికి ఆ నొక్కు దీర్ఘంలాగే వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడే మన లిపి ఒక గోతిలో దించుతుంది. ‘నేను మాట్లాడతాను’ అనడానికి స్పానిష్‌లో ‘ఆబ్లొ’, మొదటి ముక్క మీద ఊనిక. ‘ఆయన మాట్లాడాడు’ అనడానికి ‘అబ్లో’, చివరి ముక్క మీద. తెలుగు మాట చివర హ్రస్వ ఒకారం రాదు. అందుకని మనవాళ్లు నోట్సులో తెలుగులో రాసుకునేటప్పుడు రెండింటినీ ‘అబ్లో’ అనే రాస్తారు, అలాగే చదువుతారు. దాంతో తాను మాట్లాడతానని చెప్పబోయి, ఎవరో మాట్లాడారని చెప్పినట్టవుతుంది. స్పానిష్‌ను తెలుగు లిపిలో రాసుకుని నేర్చుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ముక్కలు విడదీయడం మనకు కష్టం కాదు. రెండు అచ్చుల మధ్య ఒక హల్లు ఉంటే అది తర్వాతి అచ్చుతో పోతుంది. రెండు హల్లులుంటే చెరొకవైపు విడిపోతాయి: కన్-తో. అమ్-మ అన్నట్టే. అయితే రెండో హల్లు ర గానీ ల గానీ అయి, ముందుది ప, బ, క, గ, ఫ లాంటిదైతే జంట విడిపోదు. ఆ-బ్లొ. త, ద లతో ర కలిసినా అంతే. ‘అద్రుచు’లో రేఫ ఒత్తును తేల్చి పలకడం తెలిసిన వాళ్లకు ఇది కొత్త కాదు. స తర్వాత హల్లు వస్తే ఆ జంటతో ముక్క మొదలు కాదు, ముందొక అచ్చు ఉండాల్సిందే. ఎస్-క్రీ-బొ, అంటే రాస్తాను. బడిని వాళ్లు ‘ఎస్క్వేల’ అంటారు, మా ఊళ్లో ‘ఇస్కూలు’ అంటారు. నోటికి తోచిన ఉపాయం రెండుచోట్లా ఒకటే.

ఊనిక ఎక్కడ పడాలన్న నియమం చిన్నది. మాట అచ్చుతో గానీ, న్ తో గానీ, స్ తో గానీ ముగిస్తే చివరి నుంచి రెండో ముక్క మీద. ఇంకే హల్లుతో ముగిసినా చివరి ముక్క మీద. దీన్ని దాటితే ఆ అచ్చు నెత్తిన ఏటవాలు గీత గీస్తారు. మనవరాలు దీన్ని ఎక్కాల్లా అప్పజెప్పింది. “అన్ని హల్లుల్లో న్, స్ లకే ఎందుకమ్మా ఈ మర్యాద?” అని అడిగాను. తెలియదంది. క్రియను విప్పితే తెలుస్తుంది. నేను మాట్లాడతాను ‘ఆబ్లొ’, నువ్వు మాట్లాడతావు ‘ఆబ్లస్’, వాళ్లు మాట్లాడతారు ‘ఆబ్లన్’. స్, న్ లు పురుషను, వచనాన్ని చెప్పే ప్రత్యయాలు. అవి వచ్చి చేరినా ఊనిక కదలకూడదు. ‘మాట్లాడటం’ అనే అసలు రూపం మాత్రం ర్ తో ముగుస్తుంది కాబట్టి ‘అబ్లార్’, చివరన. నియమంలో ఉన్నట్టే క్రియలు నడవడం లేదు, క్రియలు నడిచినట్టు నియమం రాసుకున్నారు.

మేము మాట్లాడతాం అంటే ‘అబ్లామొస్’. ఇక్కడ ఊనిక ధాతువును వదిలి ప్రత్యయం మీదికి దిగింది. స్పానిష్ పిల్లల్ని ఏడిపించే ‘అపక్రమ’ క్రియల్లో చాలావాటి గుట్టు ఇదే. నాకు చేతనవుతుంది ‘ప్వేదొ’, నీకు చేతనవుతుంది ‘ప్వేదెస్’, వాళ్లకు ‘ప్వేదెన్’, కానీ మాకు చేతనవుతుంది ‘పొదేమొస్’. ధాతువులోని ఒకారం మీద ఊనిక పడితే అది రెండుగా విచ్చుకుంటుంది, పడకపోతే ఒకారంగానే ఉండిపోతుంది. అర్జెంటీనాలో ‘నువ్వు’ అనడానికి వేరే సర్వనామం వాడతారు, దానితో వచ్చే క్రియకు ఊనిక చివరన. ‘పొదేస్’ అంటారు. ఊనిక జారగానే విచ్చుకోవడం కూడా ఆగిపోయింది. మనకూ ‘చదువు, చదివి, చదవ’ అని అచ్చు మారుతుంది గానీ దాని కారణం పక్క అచ్చు, ఊనిక కాదు. ‘కంతరాన్’ అంటే వాళ్లు పాడతారు. ‘కంతారన్’ అంటే ‘వాళ్లు పాడితే’ అన్నట్టుండే రూపం. గీత ఒక్కటి మరిచిపోతే భవిష్యత్తు పోయి ఊహ మిగులుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకా వెనక ఉంది. స్పానిష్ తల్లి లాటిన్. లాటిన్‌లో మనలాగే గురులఘువులున్నాయి. దీర్ఘమైతే గురువు, హల్లుతో మూసుకుంటే గురువు. అక్కడ ఊనికను నిర్ణయించేవి అవే. చివరి నుంచి రెండో ముక్క గురువైతే ఊనిక దాని మీద, లఘువైతే ఇంకొక్కటి వెనక్కి. కాలక్రమంలో దీర్ఘహ్రస్వాల తేడా పోయింది, ఊనిక చాలావరకు ఉన్నచోటే ఉండిపోయింది. స్పానిష్‌కు మొదటి వ్యాకరణం 1492లో నెబ్రిహా రాశాడు. అందులో ఒక భాగాన్ని ఛందస్సుకు, అక్షర విభజనకు కేటాయించాడు. వ్యాకరణం నేర్పాలంటే చెవిని పక్కన పెట్టడం కుదరదని ఆయనకూ తెలుసు. ఈ లెక్క ఇప్పటికీ సాగుతూనే ఉంది. ‘ఇచ్చాడు’, ‘చూశాడు’ అనే అర్థాల ‘దియో’, ‘వియో’ల మీద పాత పుస్తకాల్లో గీత ఉండేది. అవి ఒకే ముక్క, ఊనిక పడటానికి ఇంకో చోటే లేదు కాబట్టి గీత అక్కర్లేదని స్పానిష్ అకాడెమీ నియమాలు మార్చింది. 1959 నుంచి ఆ గీత లేదు.

తెలుగు పిల్లలు మరొకటి గుర్తుపెట్టుకోవాలి. మన మాటలో గురువులు ఎన్నైనా ఉండొచ్చు, ‘చేస్తున్నారు’లో వరసగా మూడున్నాయి. స్పానిష్ క్రియలో ఊనిక ఒక్కటే. బరువు కనిపించిన ప్రతిచోటా నొక్కితే వినేవాడికి కాలం తెలియదు, కర్తా తెలియదు. మనవరాలికి నేను చెప్పింది ఇంతే: ముక్కలన్నీ ఒకే నిడివితో పలుకు, ఒక్కచోట మాత్రమే బల్ల మీద తట్టు, గీత ఉందో లేదో ఆ తర్వాత చూసుకో.

విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు పిల్లల చేత ఈ క్రియాపట్టికలు పైకి చదివించండి, మనసులో చదవనివ్వకండి. ఇక్కడి తెలుగు ఉపాధ్యాయులకు, పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు నాదొక మనవి. ఛందస్సు పాఠం పద్యపాదంతో మొదలుపెట్టకండి. మొదటి అభ్యాసంగా పిల్లలు ఇంట్లో, చేలో అనే క్రియలు పది ఇవ్వండి. కోత్తన్నాం, పోతన్నాం, ఏరతన్నాం, చెప్తాను, పడింది, పాడింది. పైకి అనిపించి, విడదీయించి, ఏ గణమో అడగండి. ఉత్పలమాల వారం ఆగినా ఫరవాలేదు.